పూర్వి కాదు, పశ్చిమి

మా ఇంట్లో నల్లని ఇనుప ట్రంకు పెట్టె ఒకటి ఉంది. బాపు మిలట్రీ నుంచి వస్తూ తెచ్చుకున్నది. మూత మీద తెల్ల రంగుతో ఆయన నంబరు, పేరు రాసి ఉంటాయి. ఆ పెట్టె అడుగున, యాడి పెళ్లినాటి కాంచళి కింద, రెండు పాలిథిన్ కవర్లలో చుట్టిన చిన్న పుస్తకం ఉండేది. అది బాపు డిశ్చార్జి బుక్కు. భూమి పాసుబుక్కును కూడా ఆయన అంత జాగ్రత్తగా దాచలేదు.

బాపు 1968లో దేవరకొండ దగ్గరి మా తండా నుంచి సికింద్రాబాద్ పోయి సైన్యంలో చేరాడు. 15 ఏళ్లు లారీ నడిపి 1983లో నాయక్ ర్యాంకుతో ఇంటికి వచ్చాడు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. హిందీ బాగా మాట్లాడేవాడు. ఇంగ్లీషు మాత్రం రాదు. పుస్తకమేమో ఇంగ్లీషులో ఉంది. ఇచ్చిన రోజు పెట్టమన్న చోట సంతకం పెట్టి రైలెక్కాడు. అందులో ఏం రాసి ఉందో ఆయనకు తొమ్మిదేళ్ల దాకా తెలియదు.

1992 వేసవిలో ఎనిమిదో తరగతి పూర్తిచేసి హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాను. ఒకరోజు మధ్యాహ్నం బాపు ఆ పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. "నీ ఇంగ్లీషు ఎందాక వచ్చిందో చూస్తా, చదువు" అన్నాడు. మేం ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. ఇక్కడ ఆ మాటలన్నీ తెలుగులో రాస్తున్నాను.

నంబరు చదివాను. తలూపాడు. ఆ నంబరు ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. పేరు చదివాను.

"ఇంకా?"

"అంతే ఉంది బాపూ."

"చివర నాయక్ లేదా?"

"లేదు."

భార్య పేరు అన్నచోట ఏదో దేవి అని ఉంది. అదీ చదివాను. పొయ్యి దగ్గర నుంచి యాడి, "ఎవరామె? నాకు చెప్పలేదే!" అంది. ముగ్గురం నవ్వాం. గుర్తింపు చిహ్నం దగ్గర కుడి మోకాలి కింద మచ్చ అని ఉంది. బాపు పంచె పైకి లాగి చూసుకుని, "ఇది సరిగ్గానే రాశారు" అన్నాడు. మళ్లీ నవ్వాం.

తర్వాత మెడల్స్ వరస వచ్చింది. మొదటి మాట "పూర్వి స్టార్" అని చదివాను. బాపు నవ్వు ఆగిపోయింది.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. ఒక్కో అక్షరం విడదీసి చెప్పమన్నాడు. చెప్పాను. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, ఆ వరస మీద వేలు పెట్టి, తనకు రాని అక్షరాలను చాలాసేపు చూశాడు.

"పూర్వి కాదు. పశ్చిమి" అన్నాడు.

ఇలా ఒకే పుస్తకంలో మూడు తప్పులు దొరికాయి. మొదటి రెండూ ఎలా వచ్చాయో బాపుకు తెలుసు.

తండాలో నాయక్ అంటే పెద్ద. ఆ మాట మా వాళ్లలో చాలామంది పేర్ల చివర చేరిపోయింది. సైన్యంలో నాయక్ ఒక ర్యాంకు. సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ అని వరస. భర్తీ రోజు బాపు పేరు పూర్తిగా చెబితే, రాసుకుంటున్న ఆయన తలెత్తి చూసి, "ఇవాళే వచ్చినవాడివి, అప్పుడే నాయక్ అయ్యావా?" అన్నాడట. వరసలో నిలబడ్డ వాళ్లంతా నవ్వారట. ఆ మాట వదిలేసి మిగతా పేరు రాసుకున్నాడు. "నువ్వేం చేశావు?" అని అడిగాను. "నేనూ నవ్వాను. నవ్వక ఏం చేయను? నౌకరీ కావాలి" అన్నాడు బాపు. 1977లో ఆయనకు నిజంగానే నాయక్ ర్యాంకు వచ్చింది. పేరు వెనక పోయిన మాట పేరు ముందుకు వచ్చింది. ఇంటికి వచ్చాక రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో, పాసుబుక్కులో ఒక మనిషి. పింఛను కాగితాల్లో ఇంకో మనిషి.

యాడి సంగతీ అలాంటిదే. ఆమె పేరు బాయితో ముగుస్తుంది. సైనికుడి ఇంట్లో పెళ్లయినా, బిడ్డ పుట్టినా ఆ విషయం పార్ట్ టూ ఆర్డర్ అనే కాగితంలో ఎక్కాలి. ఎక్కితేనే రికార్డులోకి వెళుతుంది. ఎక్కించిన గుమాస్తా ఉత్తరాది మనిషి. వాళ్ల ఊళ్లలో ఆడవాళ్ల పేరు చివర దేవి అని రాయడం మామూలు. ఆయన బాయి తీసి దేవి పెట్టాడు. ముందున్న పేరులోనూ ఒక అక్షరం మారింది. ఆయనకు ద్వేషం ఏమీ లేదు. తనకు అలవాటైన పేరు రాశాడు, అంతే. కానీ రేపు బాపు పోతే కుటుంబ పింఛను వచ్చేది ఆ కాగితంలో ఉన్న స్త్రీకి. అలాంటి స్త్రీ ఈ భూమ్మీద లేదు.

మూడో తప్పు సంగతి చెప్పాలంటే బాపు నడిపిన లారీ గురించి చెప్పాలి.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. తూర్పున ఇప్పటి బంగ్లాదేశ్ వైపు, పడమట పంజాబ్, కాశ్మీర్, రాజస్థాన్ వైపు రెండు రంగాల్లో జరిగింది. తూర్పు రంగంలో పనిచేసిన వాళ్లకు పూర్వి స్టార్ ఇచ్చారు. పడమటి రంగంలో పనిచేసిన వాళ్లకు పశ్చిమి స్టార్ ఇచ్చారు. బాపు ఉన్నది రాజస్థాన్‌లోని బాడ్మేర్ వైపు. అక్కడి నుంచి మునాబావ్ మీదుగా సరిహద్దు దాటి మన సైన్యం నయాచోర్ దిశగా వెళ్లింది. ముందు వెళ్లినవాళ్లకు గుండ్లు, నీళ్లు, తిండి అందాలి. బాపు శక్తిమాన్ లారీలో అవి మోశాడు. ఇసుకలో చక్రం దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించి నడిపేవాళ్లట. రాత్రి దీపాలు వేయకూడదు. ముందు లారీ వెనక భాగం లీలగా కనబడుతుంటే దాన్ని పట్టుకుని పోవాలి. ఎడారి చలికి స్టీరింగ్ మీద వేళ్లు కొయ్యబారిపోయేవట. యుద్ధం గురించి బాపు చెప్పిందంతా ఇంతే. తను ఎవరినీ కాల్చలేదని, తన లారీ ఒక్కరోజూ ఆలస్యం కాలేదని చెప్పేవాడు.

కానీ ఆ నేల గురించి మాత్రం చాలా చెప్పేవాడు. యుద్ధానికి ముందు కొన్ని వారాలు వాళ్ల లారీలు ఒక ఊరి పక్కన ఆగాయి. అక్కడ ఒక ముసలామె చేతుల నిండా, భుజాల దాకా తెల్లని గాజులు వేసుకుని నీళ్ల కుండ మోసుకుపోతోంది. బాపుకు వాళ్ల నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె కూడా అలాగే భుజాల దాకా బలియాలు వేసుకునేది. బాపు హిందీ మరచిపోయి గోర్ బోలిలో మాట్లాడేశాడట. ఆమెకు సగం అర్థమైంది. బాటి ఉందా అని అడిగాడు. మా భాషలో బాటి అంటే రొట్టె. ఆమె లోపలికి పోయి గుండ్రంగా కాల్చిన గోధుమ ముద్దలు తెచ్చింది. వాళ్ల బాటి అది. "పేరు మనదే, రొట్టె మాత్రం వేరు" అని బాపు ఈ కథ చెప్పిన ప్రతిసారీ నవ్వేవాడు. మన పెద్దలు పడమటి దేశం నుంచి ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఇటు వచ్చారని తండాలో అందరూ చెప్పుకునేదే. బాపు మాత్రం అది విని నమ్మినవాడు కాదు, తన కళ్లతో చూసి వచ్చినవాడు. ఇరవై రెండేళ్ల వయసులో తెలుగు రాని, తమిళం రాని ఎడారిలో ఒక ముసలామె తన మాట అర్థం చేసుకుంది. పుస్తకంలో ఉన్న పూర్వి అన్న ఒక్క మాట ఆయనను ఆ నేల మీద నుంచి తీసేసి, ఎన్నడూ చూడని బంగాళంలో పెట్టింది.

అందుకే మూడు తప్పుల్లో బాపుకు గుచ్చుకున్నది ఇదే. ఈ సంగతి నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

1993లో మా బడి సారు చేత ఇంగ్లీషులో ఒక అర్జీ రాయించి రికార్డు ఆఫీసుకు పంపాడు. ఏడు నెలలకు జవాబు వచ్చింది. ఆధారాలు చూపండి అని రెండు వరసలు. ఆధారం ఎక్కడిది? ఇంటికి రాసిన ఉత్తరాలు యాడి దాచింది గానీ, వాటి మీద 56 ఏపీఓ అని తప్ప ఊరి పేరు ఉండదు. సైనికుడు ఎక్కడున్నాడో ఇంటికి కూడా తెలియకూడదు కాబట్టి ఉత్తరాల మీద ఆ నంబరే. ఎక్కడున్నాడో చెప్పకూడదని నియమం పెట్టినవాళ్లే ఇప్పుడు ఎక్కడున్నావో నిరూపించు అంటున్నారు. బాపు మరో రెండుసార్లు రాయించాడు. ఒకదానికి రికార్డులో ఉన్నట్టే పుస్తకంలో ఉందని జవాబు. ఇంకోదానికి జవాబే లేదు.

మాజీ సైనికుల మీటింగుకు పోతే అక్కడ కూడా నచ్చజెప్పేవాళ్లే ఎక్కువ. ఒక పెద్దాయన నా ముందే అన్నాడు. "పూర్వి అంటే ఏమనుకున్నావు? ఢాకాలో 93,000 మంది లొంగిపోయిన రంగం. ఎవరడిగినా బంగ్లాదేశ్ అని చెప్పుకోవచ్చు. దాన్ని వదులుకుని ఇసుకలో లారీ నడిపానని రాయించుకుంటావా?" బాపు ఒకటే అన్నాడు. "నేను బంగాళం చూడలేదు సాబ్."

ఇంటికి వచ్చాక ఆయనకు ఆల్బర్ట్ ఎక్కా గురించి చెప్పాను. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఎక్కా మనలాగే ఆదివాసీ బిడ్డ. ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా వైపు ఒరావ్ కుటుంబంలో పుట్టాడు. 1971 డిసెంబరులో గంగాసాగర్ దగ్గర శత్రువుల మెషిన్ గన్లను ఒక్కడే మూయించి, ఆ గాయాలతోనే ప్రాణం విడిచాడు. చనిపోయాక పరమవీర చక్ర ఇచ్చారు. ఆ యుద్ధంలో తూర్పు రంగం మొత్తానికి వచ్చిన పరమవీర చక్ర అదొక్కటే. ఈ మాట విని బాపు సంతోషిస్తాడు, ఎక్కా రంగం కాబట్టి పూర్వి అన్నది ఉండనిస్తాడు అని నా లెక్క. బాపు చాలాసేపు ఊరుకుని, "చూశావా, అది వాళ్లది" అన్నాడు. "చచ్చిపోయినవాళ్ల పక్కన పోయి నేను నిలబడితే బాగుంటుందా?"

ఆ తర్వాత నేను టీచర్ అయ్యాను. పెళ్లి, పిల్లలు, బదిలీలు. ట్రంకు పెట్టె సంగతి మరుగున పడింది. 2013లో పక్క తండాలో ఒక మాజీ సైనికుడు చనిపోయాడు. ఆయన భార్య పేరు పింఛను కాగితంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఆమె ఏడాదికి పైగా తిరిగింది. అప్పు చేసి తిరిగింది. ఒకరోజు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, "నా మొగుడు ఉన్నప్పుడే ఒక్క కాగితం దిద్దించి ఉంటే" అని ఏడ్చింది. యాడి ఏమీ మాట్లాడలేదు. రాత్రి మాత్రం నాతో, "ఆ దేవి ఎవరో ఉందే, ఆమెను పంపించెయ్ బిడ్డా" అంది.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, బాపు సర్వీసు రికార్డు నకలు ఇవ్వమని బాపు పేరుతోనే దరఖాస్తు పంపాను. మాకు తెలియనిది ఏమిటంటే, మన రికార్డు నకలు మనం అడిగి తీసుకోవచ్చు. నెల దాటాక ఒక లావు కవరు వచ్చింది. అందులో ఏ సంవత్సరం ఏ యూనిట్‌లో, ఏ రంగంలో ఉన్నాడో చూపే పేజీ ఉంది. 1971 డిసెంబరు దగ్గర పడమటి రంగం అని స్పష్టంగా ఉంది. ఇరవై ఏళ్లు మమ్మల్ని అడిగిన ఆధారం వాళ్ల బీరువాలోనే ఉంది. డిశ్చార్జి బుక్కు నింపిన మనిషి, ఆ రోజే ఇంటికి పోతున్న ఇంకెవరిదో చూసి వరసగా రాసి ఉంటాడని బాపు అనుమానం.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. దాని కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

2014లో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక ఉద్యోగి ఓపికగా కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. పేర్లకు ఏ కాగితాలు కావాలో రాసిచ్చాడు. చివర, "స్టార్ సంగతి కూడా కలిపితే ఫైలు ఇంకో సెక్షన్‌కు పోతుంది, ఆలస్యం కావచ్చు" అన్నాడు. ఆయన ఉన్న మాటే చెప్పాడు. నేను ఇంటికి వచ్చి అర్జీ టైపు చేయించాను. అందులో బాపు పేరు, యాడి పేరు పెట్టాను. స్టార్ తీసేశాను. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, యాడికి పింఛను ముఖ్యం, స్టార్‌తో ఒక్క రూపాయి రాదు. ఇలా అనుకుని ఆయనకు చెప్పకుండానే తీసేశాను. ఇంగ్లీషు రాదు కదా, తెలియదు అనుకున్నాను. సంతకం పెట్టమన్నాను.

ఆయన వెంటనే పెట్టలేదు. "రేపు పెడతా" అన్నాడు. సాయంత్రం ఆరో తరగతి చదివే నా బిడ్డను పిలిచి ఆ కాగితం చదివించుకున్నాడు. ఒకప్పుడు నా చేత చదివించినట్టే. నేను బడి నుంచి వచ్చేసరికి అరుగు మీద ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పశ్చిమి ఏది?" అన్నాడు.

ఆలస్యం అవుతుందని, ముందు యాడి పని చూద్దామని, తర్వాత అది విడిగా పెడదామని ఏదేదో చెప్పాను.

బాపు గొంతు పెంచలేదు. "భర్తీ నాడు పేరు కోసినవాడికి నేనెవరో తెలియదు. దేవి అని రాసినవాడికి మీ యాడి తెలియదు. పూర్వి అని రాసినవాడికి నా మొహమే తెలియదు. నువ్వు నా కొడుకువి. నీకు అన్నీ తెలుసు. తెలిసీ కోశావు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆయనే మళ్లీ అన్నాడు. "మన తాతలు ఎడ్ల మీద ఫౌజులకు ధాన్యం మోశారని నువ్వే పిల్లలకు చెబుతావు. దిల్లీ నుంచి దక్కనుకు వచ్చిన ఫౌజులకు మనవాళ్లే తిండి పెట్టారంటావు. ఏ ఒక్కడి పేరన్నా ఉందా? ఎక్కడన్నా రాసి ఉందా? నేనూ మోశాను. ఎద్దు బదులు లారీ. నాది రాసి ఉంది, తప్పు రాసి ఉంది. అది దిద్దమంటున్నా. మెడల్ ఇవ్వమనడం లేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బంజారాలు మొగల్ సైన్యాలకూ, తర్వాత ఇంగ్లీషువాళ్ల సైన్యాలకూ ఎడ్ల మందల మీద ధాన్యం చేరవేశారని చదివాను. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ పని పోయాక, అదే ఇంగ్లీషువాళ్ల చట్టం మా జాతిని చాలాచోట్ల నేరస్తుల జాబితాలో రాసింది. 1871లో మొదలైన ఆ చట్టం 1952లో గానీ పోలేదు. మోసిన ధాన్యం ఎవరూ రాయలేదు. చేయని నేరం రాశారు. ఇవన్నీ నేను తరగతిలో కోపంగా చెప్పేవాడిని. అలాంటివాడిని, మా ఇంటి కాగితం దగ్గరకు వచ్చేసరికి ఏది ముఖ్యమో ఏది కాదో నేనే నిర్ణయించి ఒక వరస కొట్టేశాను.

మర్నాడు కొత్త అర్జీ రాయించాను. ఒక్కో తప్పుకు ఒక్కో పేజీ. పైన ఆర్మీ నంబరు. పేరు ఎన్ని రకాలుగా మారినా ఆ నంబరు ఎక్కడా మారలేదు. కింద ఏముంది, ఏం ఉండాలి, దానికి ఆధారం ఏమిటి అని మూడు వరసలు. పేర్ల కోసం మమ్మల్ని అడిగినవి ఇవి: మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్, రెండు పేపర్లలో ప్రకటన, ఆధార్ నకళ్లు, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, పీపీఓ నకలు. స్టార్ కోసం వాళ్ల రికార్డు పేజీ నకలు పెట్టాం. బాపుతో పాటు లారీ నడిపిన ఒక మాజీ సుబేదారు గుంటూరు వైపు ఉన్నాడు. ఆయన కూడా అఫిడవిట్ పంపాడు. దానితో పాటు బాపుకు ఒక చీటీ. "నువ్వు ఇంకా అడుగుతున్నావా? నేను నా పుస్తకం ఇంతవరకు చదివించుకోలేదు" అని ఉంది అందులో.

డిశ్చార్జి బుక్కు అసలుది పంపమన్నారు. ఇదే బాపుకు కష్టమైంది. జిరాక్స్‌లు తీయించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. రసీదును బాపు ట్రంకు పెట్టెలో పుస్తకం ఉండే చోట అదే పాలిథిన్ కవరులో పెట్టాడు. అయిదు నెలలు ఆ పెట్టెలో రసీదే ఉంది. పోస్ట్‌మ్యాన్ సైకిల్ కనబడితే చాలు లేచి నిలబడేవాడు.

ముందు కొరిజెండం పీపీఓ వచ్చింది. అంటే పింఛను ఆర్డరుకు సవరణ. యాడి పేరు బాయితో వచ్చింది. బాపు పేరు చివర నాయక్ వచ్చింది. ముందు ర్యాంకు, వెనక పేరు కలిపి చదివితే నాయక్ రెండుసార్లు వస్తుంది. నా బిడ్డ అది చదివి నవ్వితే బాపు, "రెండూ నావే. ఒకటి పుట్టుకతో వచ్చింది, ఒకటి లారీ నడిపి తెచ్చుకున్నది" అన్నాడు. యాడి ఆ కాగితాన్ని చదవలేదు గానీ, తన పేరు ఉన్న చోటు ఎక్కడో అడిగి బొటనవేలితో తడిమింది.

పుస్తకం ఆ తర్వాత మూడు వారాలకు వచ్చింది. మెడల్స్ వరసలో పూర్వి అన్న మాట మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత. పైన చిన్న అక్షరాల్లో పశ్చిమి. పక్కన పొట్టి సంతకం, తేదీ, గుండ్రటి ముద్ర. కొత్త పుస్తకం ఇచ్చి ఉంటే శుభ్రంగా ఉండేది కదా అన్నాను. బాపు వద్దన్నాడు. "తప్పు రాసింది కనబడుతోంది, దిద్దింది కనబడుతోంది. అడిగితేనే దిద్దారని కూడా కనబడుతోంది. ఇదే బాగుంది" అన్నాడు.

స్టార్ మాత్రం చేతికి రాలేదు. తన వంతు వచ్చినప్పుడు పంపుతామని రాశారు. దాని మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఇస్తారని బాపుకు తెలుసు, అందుకని ఎదురు చూశాడు. సికింద్రాబాద్‌లో దుకాణాల్లో నకలు దొరుకుతుంది, తెస్తానన్నాను. "దాని మీద ఎవరి పేరు ఉంటుంది?" అన్నాడు. ఇంకేం అనలేదు.

బాపు 2020లో పోయాడు. అంత్యక్రియలు అయిన పదో రోజు కాగితాలు తీశాను. మరణ ధ్రువపత్రం, సవరించిన పీపీఓ, యాడి ఆధార్. అన్నింట్లో ఒకే పేరు. నాలుగు నెలల్లో కుటుంబ పింఛను మొదలైంది. పక్క తండా ఆమెకు పట్టిన కాలంతో పోలిస్తే అది ఏమీ కాదు. యాడి ఏటా నవంబరులో వేలిముద్ర వేసి బతికే ఉన్నానని చెప్పి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ప్రతిసారీ ఆ దేవి సంగతి తీసి నవ్విస్తుంది.

నేను పనిచేసే బడిలో ఏటా పదో తరగతి నామినల్ రోల్స్ పంపాలి. విద్యార్థి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. ఆ కాగితంలో ఉన్నదే సర్టిఫికెట్‌లో వస్తుంది. ఆ తర్వాత జీవితాంతం అదే ముందు నడుస్తుంది. వెనకటికి నేనూ మిగతా టీచర్లలాగే అడ్మిషన్ రిజిస్టర్ చూసి వరసగా ఎక్కించేవాడిని. పలకడం కష్టంగా ఉన్న పేరును నాకు తోచినట్టు సరిచేసిన రోజులు కూడా ఉన్నాయి. ఎన్ని పేర్లు అలా మార్చానో లెక్క లేదు.

ఇప్పుడు అలా చేయను. ఒక శనివారం తల్లిదండ్రులను పిలుస్తాను. ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు లేచి తన వరస పైకి చదువుతారు. తల్లి విని అవునంటేనే నేను టిక్కు పెడతాను. కోయ పిల్లలు, చెంచు పిల్లలు, మా లంబాడా పిల్లలు అందరూ చదువుతారు. మొదటి ఏడాది ఇరవై ఆరు మందిలో తొమ్మిది పేర్లు తప్పు తేలాయి. అందులో నాలుగు తల్లుల పేర్లు.

పోయిన ఏడాది ఒకమ్మాయి తన వరస చదివి కూర్చోబోతుంటే వెనక నుంచి వాళ్ల యాడి లేచి, "సారూ, నా పేరు చివర అది కాదు" అంది. బిడ్డ సిగ్గుపడి, "పోనీలే యాడీ, ఇప్పుడెందుకు" అంటోంది. నేను ఎర్ర పెన్ను తీసి, ఆ మాట మీద అడ్డంగా గీత గీసి, "చెప్పమ్మా, ఏం రాయాలి?" అని అడిగాను.